గురువారం వంతు

"సర్కారు ఇచ్చి తీరాలి!" అని ఒక కేక. "ఒక్క పైసా ఇవ్వకూడదు!" అని దాని మీద ఇంకో కేక. వీధి చివర పుట్టిన గోల వేదపాఠశాల గుమ్మం దాకా వచ్చేసింది. ఎన్నికల రోజులు మరి!

లోపల, పిల్లల భోజనాల వంతులు చూసే శిష్యుడు శ్రీకంఠానికీ ఆ సొమ్ము గురించే గుబులు. పాఠశాల పిల్లలకు వారానికో రోజు అన్నం పెట్టే ఇళ్ళు ఏటా తగ్గిపోతున్నాయి. ఇలాగే సాగితే వచ్చే ఏడు కొత్తపిల్లల్ని చేర్చుకునే దారి లేదు. ఉండబట్టలేక గురువుగారిని అడిగేశాడు: "మతబడులకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలని ఒక పార్టీ, వద్దని ఇంకో పార్టీ. ఎవరిది న్యాయమండీ? మనం ఎవరి వైపు?"

యజ్ఞన్నశాస్త్రిగారికి, ఎవరైనా ప్రశ్న అడిగితే చెప్పులు తొడుక్కునే అలవాటు. "పద, చూద్దాం" అన్నారు.

వీధిలో బట్టలకొట్టు కోటిలింగం, టైర్లషాపు మస్తాన్‌వలీ చెరో జెండా పట్టుకుని తలపడుతున్నారు. చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళే.

"పన్ను కట్టేది మనం కాదా బావా? మా పాఠశాల పిల్లలూ, మీ మదరసా పిల్లలూ ఈ దేశం పిల్లలు కారా?"

"ఇవాళ సొమ్మిస్తారు, రేపు పాఠం మారుస్తారు. మన పిల్లలకు మనం పెట్టుకోలేమా బావా? అంత గతిలేనివాళ్ళమా?"

రెండూ సబబుగానే తోచి శ్రీకంఠానికి తల తిరిగింది. శాస్త్రిగారు మాత్రం ఆ వైపే చూడలేదు. కోటిలింగం ఇంటి అరుగు మీద పాఠశాల పిల్లలు కూర్చుని ఉన్నారు. ఎదురుగా మస్తాన్‌వలీ ఇంటి మెట్ల మీద మదరసా పిల్లలు. వాళ్ళకూ భోజనం ఇళ్ళ వంతులే. రెండిళ్ళకీ తాళాలు! ఇల్లాళ్ళతో సహా అందరూ ప్రచారంలో ఉంటే మరి తాళాలు కాక ఏముంటాయి?

శాస్త్రిగారు అరుగెక్కి కూర్చుని, "ఇవాళ గురువారం కదా, వంతు ఎవరిది నాయనా?" అని కాస్త గట్టిగానే అడిగారు.

"కోటిలింగంగారిదండీ."

"మాకు మస్తాన్ చాచాది," అన్నారు ఎదుటి మెట్ల మీద నుంచి.

కోటిలింగం జెండా దించేశాడు. మస్తాన్‌వలీ పకపకా నవ్వబోయి, తన గుమ్మం చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"వంట తర్వాత, ముందు ఊరేగింపు అని మా ఆవిడతో నేనే అన్నాను బావా!" అన్నాడు కోటిలింగం.

"నేను అనలేదనుకున్నావా? తియ్యి ముందు తాళం!"

రెండు పొయ్యిలూ వెలిగాయి. వంతు లేని ఇళ్ళ నుంచి కూడా పప్పూ, పెరుగూ నడిచొచ్చాయి. "మాకూ ఒక వారం ఇవ్వు శ్రీకంఠం" అంది పెరుగు తెచ్చిన ఆవిడ. ఎవరి ఆచారం కొద్దీ వాళ్ళ వంట. కానీ వీధిలో నీడ ఒకవైపే ఉండడంతో విస్తళ్ళన్నీ ఒకే వరుసలో పడ్డాయి. పిల్లల మధ్యనే పార్టీలవాళ్ళూ చతికిలబడ్డారు. వరుస చివర శాస్త్రిగారు, ఆయన పక్కన శ్రీకంఠం.

రెండు ముద్దలు దిగాయో లేదో, "అయినా బావా, సర్కారు..." అని అందుకున్నాడు కోటిలింగం.

"మళ్ళీ మొదలైందండీ!" అన్నాడు శ్రీకంఠం, దిగులుగా.

"కానీలే," అన్నారు శాస్త్రిగారు పెరుగు కలుపుకుంటూ. "ఈసారి పిల్లల పక్కన కూర్చుని మొదలుపెట్టారు."