గవ్వ ఎక్కిన కొండ

పిల్లలూ, గుర్రపు పిల్ల పుట్టిన రోజునే లేచి నిలబడుతుంది. మరి ఆ రోజు నుంచే దాన్ని ఎందుకు పరుగెత్తించకూడదు? ఎవరైనా చెప్పగలరా? తెలియకపోతే తెలియదని చెప్పండి, తప్పేమీ లేదు. కథ విన్నాక మళ్లీ అడుగుతాను.

ఇప్పలవనం అనే అడవిలో జింకలు, ఎలుగులు, అడవిపందులు, ఒక గుర్రాల మంద ఉండేవి. గుర్రాలు వాగు పక్కన పచ్చికలో మేసేవి. వానాకాలం రాగానే వాగు పొంగి ఆ పచ్చిక మునిగిపోయేది. అందుకే తొలి వానకే మంద అంతా రాళ్లదారి వెంట కొండ ఎక్కేది. ఎంత చిన్న పిల్ల అయినా తన కాళ్ల మీద తానే ఎక్కాలి. ఎత్తుకెళ్లడానికి గుర్రాలకు చేతులు లేవు కదా! అందుకని ఎండాకాలం అంతా పెద్దవి పిల్లలకు నడక నేర్పేవి.

మందలో గవ్వ అనే పిల్ల ఉండేది. నుదుట గవ్వ లాంటి తెల్లమచ్చ, అందుకే ఆ పేరు. దానికి తల్లి లేదు. మేనమామ పిడుగు పెంచింది. మందకు ముందు నడిచే గుర్రం పిడుగే. గవ్వ అంటే దానికి ప్రాణం. తన పరుగంటే అంతకంటే గర్వం.

"మన వంశంలో అలసట అనే మాట లేదు. పద, పరుగెత్తు!" అని పిడుగు తెల్లవారగానే మొదలుపెట్టేది. ఎండెక్కినా వదిలేది కాదు.

"కాలు నొప్పా?" అని అడిగేది ఎప్పుడైనా.

"లేదు మావయ్యా" అనేది గవ్వ. మామ మెచ్చుకోవాలని దాని ఆశ.

ఒక ఉదయం గవ్వ లేవలేకపోయింది. ముందుకాలు వాచింది. మందలో అందరికంటే పెద్దదైన తుమ్మెద అనే నల్ల గుర్రం వచ్చి, ఆ కాలికి మూతి ఆనించి చూసింది.

"కాలు పెనంలా కాలుతోంది. ఎముక ఇంకా లేతది పిడుగూ. పిల్ల ఉత్సాహం చూసి బలం అనుకున్నావు."

"వానలు దగ్గరపడ్డాయి అత్తా! ఎక్కలేకపోతే పిల్ల మునిగిపోతుంది. నాకు ఆ భయం ఉండదా?"

"ఉంటుంది. ఆ భయంతోనే తొందరపడ్డావు. కొన్నాళ్లు నాకు వదిలెయ్."

తుమ్మెద గవ్వను చల్లటి వాగు నీటిలో నిలబెట్టేది. కాలు చల్లబడ్డాక మెత్తటి ఇసుకలో నడిపించింది. తర్వాత చిన్న మిట్ట ఎక్కించింది. రోజూ పొద్దున్నే మూతితో కాలు తాకి చూసేది. చల్లగా ఉంటే పాఠం, వెచ్చగా ఉంటే సెలవు.

"అవ్వా, ఇంకొక్కసారి ఎక్కుతా!" అని గవ్వ గంతులేసేది.

"చాలు. ఇంకా ఎక్కాలనిపిస్తున్నప్పుడే ఆపాలి. రేపు నువ్వే నన్ను లేపుతావు."

అలాగే లేపేది కూడా! ఎంత గొప్ప గురువో చూశారా? ఒక్కసారి కూడా అరవలేదు, శిష్యురాలే పాఠం కోసం వెంటపడింది.

అడవిపంది మాత్రం బురదలోంచి నవ్వింది. "ఏమమ్మోయ్ తుమ్మెదా! పిల్లకు కొండ ఎక్కడం నేర్పుతున్నావా, కునుకు తీయడం నేర్పుతున్నావా?"

"రెండూ" అంది తుమ్మెద.

పిడుగుకు ఆ మాట నచ్చలేదు. "సాధన అంటే ఏమిటో నేను చూపిస్తాను" అని రోజూ ఒంటరిగా రాళ్లదారిలో పైకీ కిందికీ దౌడు తీసింది. గిట్ట పగిలింది. ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఆకాశం నల్లబడింది. వాన కుండపోతగా కురిసింది, వాగు పొంగింది. మంద రాళ్లదారి పట్టింది. గవ్వ తుమ్మెద వెనకే చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఆయాసం రాగానే ఆగుతూ ఎక్కింది. సగం దూరం వెళ్లాక వెనక్కి చూసింది. అందరికంటే కింద, జారే బండ మీద, పిడుగు ఒక్కటే నిలబడిపోయి ఉంది. నీళ్లు దాని వైపే పెరుగుతున్నాయి.

గవ్వ కిందికి దిగింది. "మావయ్యా, కాలు నొప్పా?"

"లేదు."

"నేనూ అలాగే అనేదాన్ని."

పిడుగు తల దించుకుంది. "నొప్పేనమ్మా. చాలా నొప్పి. నువ్వు పైకి వెళ్లిపో."

"ఇద్దరం వెళ్దాం. నా భుజం మీద ఆనుకో. అడుగు వెయ్యి. ఇప్పుడు ఆగు. ఊపిరి తీసుకో."

ఆగుతూ, ఆనుకుంటూ రెండూ పైకి చేరాయి. అప్పటికి కింద పచ్చిక కనబడలేదు. నీళ్లే ఉన్నాయి.

ఆ ఏడు పిడుగు మళ్లీ మంద ముందు నడవలేకపోయింది. గిట్ట మానడానికి చాలాకాలం పట్టింది. మరుసటి ఎండాకాలం పెద్దవి మందలోని పిల్లలన్నిటినీ తుమ్మెదకే అప్పగించాయి. కుంటుతూ వచ్చి మొదట అడిగింది పిడుగే. "అత్తా, నేర్పడం నాకూ నేర్పుతావా?"

"రా. ముందు కూర్చో" అంది తుమ్మెద.

ఇప్పుడు చెప్పండి, నా ప్రశ్నకు జవాబు? అందరూ ఒకేసారి అరవకండి, ఒక్కొక్కరూ ఆలోచించుకోండి. బకెట్లో సగం బట్టలు ఆరేయకుండానే వదిలేసి వచ్చాను, వెళ్లి ఆ పని ముగించాలి. ఈలోపు ఇది మనసులో పెట్టుకోండి.

నీతి: లేత వయసు ఉత్సాహాన్ని బలమని భ్రమపడకూడదు, ఓపికగా నేర్పి, వేళకు విశ్రాంతినిచ్చేదే నిజమైన శిక్షణ.