మొగ ఎవరు తవ్వాలి?

అనగనగా ఒక పొట్టి ఏరు. ఎంత పొట్టిదంటారా? పొద్దున కొండ మీద పడ్డ వాన మధ్యాహ్నానికల్లా సముద్రం చేరేది. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారర్రా. ఎండాకాలం వస్తే చాలు, కెరటాలు ఇసుక తెచ్చి మొగను మూసేస్తాయి. తొలకరికి ముందే అందరూ కలిసి దాన్ని తవ్వి నీటికి దారి వదలాలి. అదీ అక్కడి ఆనవాయితీ.

ఆ ఏడు ఒక్కరైనా వస్తేనా!

మొగ పక్క గట్టులో బుడుంగి అనే నీటికుక్క కాపురం. బొరియలో ఇంకా కళ్లు తెరవని పిల్లలు మూడు. ఏరు పొంగితే ముందు మునిగేది ఆ బొరియే. పాపం, ఒక్కతే తవ్వింది. తవ్విందంతా కెరటం పూడ్చేసింది.

ఆయాసపడుతూ కొండెక్కింది. "పంది మావయ్యా, మొగ తవ్వుదాం రా" అంది.

"ఏరు పుట్టింది మా కొండలో. పుట్టించడం మా వంతు, తవ్వడం మీ వంతు" అంది అడవిపంది, దుంప నములుతూ.

పొలాల్లోకి దిగింది. "గేదె వదినా, నువ్వైనా రావే."

"మా పక్కనుంచి పోయే ఏరమ్మా అది. దారిన పోయేదాని గొడవ నాకెందుకు?"

చివరికి ఇసుకదిబ్బ మీది నక్క దగ్గరికెళ్లింది. "నక్క బావా, నీ ఇల్లు మొగ పక్కనేగా!"

"ఇసుక పోసింది సముద్రం. వెళ్లి దాన్నే అడుగు" అని నక్క ఆవులించింది.

బుడుంగికి తల ప్రాణం తోకకొచ్చింది. "ఏరంతా కలిపి ఆమడ లేదు, దాన్ని కూడా ముక్కలు చేసి పంచుకున్నారు కదర్రా! ఖర్మ!" అని గొణుక్కుంటూ మళ్లీ తవ్వకానికి దిగింది.

మర్నాడు పొద్దున్నే కొండ మీద కుండపోత వాన. మధ్యాహ్నానికి ఎర్రనీళ్లు వచ్చి, దారి లేక వెనక్కి తన్నాయి. నక్క దిబ్బ మునిగింది. గేదె మేత కొట్టుకుపోయింది. పంది పెళ్లాం పిల్లలు దుంపల కోసం పొలాల్లోకి దిగి, గట్టు మీద చిక్కుకుపోయారు. బుడుంగి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మెరకకు చేర్చింది. రెండు చేరాయి. మూడోదాని కోసం వెళ్లేసరికి బొరియ లేదు.

అప్పుడు పరుగెత్తుకొచ్చారు ముగ్గురూ! పంది ముట్టెతో కుమ్మింది, గేదె గిట్టలతో తోసింది, నక్క కాళ్లతో గోకింది. గడియలో మొగ తెగి నీళ్లు సముద్రంలోకి దూకాయి.

"ఓసి, ఇంతేనా పని!" అంది పంది.

"ఇంతే మావయ్యా. ఈ ఇంత పనికే నిన్న కొండెక్కి నిన్ను బతిమాలుకున్నాను" అని బుడుంగి, మిగిలిన ఇద్దరినీ పొట్టకు హత్తుకుని భోరుమంది.

నీతి: నలుగురూ కలిసి చేయాల్సిన పనికి వంతులాడుకోకూడదు. వేళ దాటాక ఎంత చేసినా పోయింది తిరిగి రాదు.