ఓబుళమ్మ వేయించిన పీట

వెనకటికి ఒక రాజ్యంలో శరభాచారి అనే ఆస్థాన శిల్పి ఉండేవాడు. ఆయన కట్టిన వంతెన మీద రాజుగారి పల్లకీ తప్ప బండి ఎక్కలేదు. అదే ఏటికి ఎగువన, సున్నం పని చేసే ఓబుళమ్మ కట్టిన వంతెన మీద మాత్రం తెల్లారితే తిరునాళ్లే. అది చూసినప్పుడల్లా శరభాచారికి కడుపు మండిపోయేది.

ఒక ఏడు రాజుగారు ఆయన్ని వంతెనల గట్టితనం చూసి రమ్మన్నారు. శరభాచారికి ప్రాణం లేచొచ్చింది. నేరుగా ఓబుళమ్మ వంతెన కిందికి దూరి, తిరిగొచ్చి, "నిండా పగుళ్లే ప్రభూ. పడగొట్టించాలి" అన్నాడు.

రాజు ఓబుళమ్మను పిలిపించాడు. ఆమె వాదించలేదు.

"పడగొట్టించండి దొరా. పడగొట్టిన రాళ్లు అవతలి గట్టు నుంచి కోటకు రావాలంటే ఇక ఆచారిగారి వంతెనే దిక్కు. తొలి రాళ్లబండి దాటేటప్పుడు కట్టినవాళ్లు కింద కూర్చోవడం మన ఆనవాయితీ. నా వంతెన కింద నేను కోడలితో సహా కూర్చున్నాను. ఆచారిగారికి పీట వేయించమంటారా?"

"వేయించు" అన్నాడు రాజు.

తన వంతెనలో సున్నానికి బదులు బురద ఎంత పోయించాడో శరభాచారికే తెలుసు. "ఇంకొక్కసారి చూసొస్తాను ప్రభూ" అని పరిగెత్తాడు. పొద్దుగూకేలోగా తిరిగొచ్చి, "అవి పగుళ్లు కావు, సాలెగూళ్లు" అన్నాడు.

రాజు ఓబుళమ్మ వైపు చూశాడు.

"సాలెగూళ్లు రేపే దులిపిస్తాను దొరా" అందామె. "పీట మాత్రం ఆయన వంతెన కిందే ఉంచుతాను."