కడిగిన స్పాంజి

భీమిలి దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో కాత్యాయని అనే అమ్మాయి పనిచేస్తుండేది. ఆమెకు శుభ్రత అంటే ఎంత పిచ్చి అంటే, తన కంటికి మురికిగా కనిపించినదాన్ని ఒక్క క్షణం కూడా ఉండనిచ్చేది కాదు.

ఇది ఇంటింటికీ ఫోన్లు రాని రోజుల మాట. ఒక పెంకుటిల్లు, నాలుగు బల్లలు, ఒక పాత మైక్రోస్కోపు, కిటికీ తీస్తే ఉప్పుగాలి. ఆ పరిశోధనశాల అంటే అంతే. అయినా ఎంత బాగుండేవో ఆ రోజులు! దానికి పెద్దదిక్కు జగ్గారావు మాస్టారు. సముద్రజీవుల్లో నొప్పినీ వాపునూ తగ్గించే పదార్థాలు ఉంటాయని ఆయన గట్టి నమ్మకం. ఆయన మోకాళ్లు రెండూ ఎప్పుడూ వాచే ఉండేవి. "ఆ మందేదో దొరికేలోపు నా మోకాళ్లు రిటైరైపోతాయేమో" అని నవ్వుతుండేవారు.

కాత్యాయని గుమ్మంలోనే అందరి చెప్పులూ విప్పించేది. ఎర్రయ్య అనే ఆయన సముద్రంలో మునిగి, రాళ్లను పట్టుకుని బతికే జీవుల్ని తెచ్చి ఇస్తుండేవాడు. అతని కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోస్తే గానీ లోపలికి రానిచ్చేది కాదు. "అమ్మగారికి ఈలైతే సంద్రాన్ని కూడా కడిగేత్తారు బాబూ" అని అతను మాస్టారితో అంటే, ఆమె మూతి ముడుచుకునేది.

ఒకసారి కాత్యాయని చెల్లెలి పెళ్లికి ఊరెళ్లింది. ఆ సమయంలోనే ఎర్రయ్య ఒక నారింజరంగు స్పాంజిని తెచ్చాడు. స్పాంజి చూడటానికి మొక్కలా ఉంటుంది గానీ జంతువే. దాని ఒంటినిండా జిగురు, ముక్కు పగిలే నీచువాసన. మాస్టారు దాన్ని ఉన్నదున్నట్టుగా కోసి, రుబ్బి, సారం తీశారు. కాలు వాచిన ఎలుకకు ఆ సారం ఇస్తే, సాయంత్రానికల్లా వాపు దిగిపోయింది. మాస్టారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అప్పటికే ఆ పరిశోధనశాలను మూసేద్దామనుకుంటున్న పట్నం పెద్దలకు కబురు పంపారు. "రండి, కళ్లారా చూడండి. చూపించలేకపోతే నేనే తాళం వేస్తాను" అని మాటిచ్చారు.

కాత్యాయని పెళ్లి నుంచి వచ్చేసరికి ఎర్రయ్య అదే రాతి మీది నుంచి మరో స్పాంజిని తెచ్చి ఉంచాడు. మాస్టారు ఆ వారం మోకాళ్ల నొప్పులు ఎక్కువై లేవలేకపోయారు. "అమ్మా, నేను చేసినట్టే చెయ్యి. కోసి, రుబ్బి, సారం తియ్యి" అన్నారు.

కాత్యాయని స్పాంజిని చూసి ముక్కు మూసుకుంది. "ఛీ! ఇంత జిడ్డుతోనా మాస్టారు మందు తీసింది?" అనుకుంది. దాన్ని కొబ్బరిపీచుతో రుద్దింది. మంచినీళ్లలో పిండింది, మళ్లీ పిండింది. జిగురంతా పోయి, అది ఉతికిన గుడ్డలా తయారైంది. ఆ తర్వాతే సారం తీసింది. ఎంత చేసినా మాస్టారికి మంచి పేరు రావాలనే ఆమె తాపత్రయం.

పట్నం నుంచి నరహరి అనే అధికారి వచ్చాడు. అతని ఎదురుగానే కాలు వాచిన ఎలుకకు సారం ఇచ్చారు. సాయంత్రమైంది. వాపు వీసమెత్తు తగ్గలేదు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మొదటిసారి నిజంగానే తగ్గిందా?" అని అడిగాడు నరహరి.

"తగ్గింది బాబూ. నేను చూశాను" అన్నారు మాస్టారు.

"ఈ వారం ఊళ్లోనే ఉంటాను. మళ్లీ చూపించగలిగితే సరే. లేకపోతే మీ మాట ప్రకారం తాళం వేయాల్సిందే" అని అతను వెళ్లిపోయాడు.

మాస్టారు కాత్యాయని వైపు తిరిగారు. "నా కళ్లే నన్ను మోసం చేశాయేమోనమ్మా. వయసైపోయింది కదా" అన్నారు.

ఆ మాటకు కాత్యాయని గుండె కలుక్కుమంది. స్పాంజిని కడిగిన సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఎవరూ అడగరు. కానీ నిజం పలికే మనిషి తనను తానే అనుమానించుకోవడం ఆమె చూడలేకపోయింది.

"మాస్టారూ, నేను మీరు చేసినట్టు చెయ్యలేదు. కడిగాను" అంది.

"దేన్ని?"

"ఆ జిగురునంతా. పీచు పెట్టి రుద్ది మరీ కడిగాను."

మాస్టారు కోప్పడలేదు. ఆయన ముఖంలోకి కళ వచ్చింది. "అయితే గుణం ఆ జిగురులోనే ఉందేమో! ఎర్రయ్యను పిలు" అన్నారు.

సముద్రం పోటు మీద ఉంది. అయినా ఎర్రయ్య వెళ్లి ఆ నారింజరంగు స్పాంజిదే పిడికెడు ముక్క తెచ్చాడు. ఈసారి కాత్యాయని దాన్ని కడగకుండానే కోసింది. జిగురు మోచేతుల దాకా కారింది. పక్కనే నీళ్ల బకెట్ ఉన్నా దానివైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఎలుక కాలి వాపు దిగిపోయింది. నరహరి వంగి వంగి చూశాడు.

"మొన్నటి తప్పు మాస్టారిది కాదండీ. మందును నేనే కడిగి కాలవలో పోశాను" అంది కాత్యాయని.

నరహరి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మిమ్మల్ని అనుమానించాను. క్షమించండి" అన్నాడు.

తర్వాత మాస్టారు ఆ జిగురును మైక్రోస్కోపు కింద పెట్టి ఆమెను చూడమన్నారు. కంటికి కనబడని జీవులు అందులో కోకొల్లలు. ఆపైన చేసిన పరీక్షల్లో, మందు పదార్థాన్ని తయారుచేస్తున్నది అవేనని తేలింది. "ఇల్లు కడుగుతున్నాననుకుని, అందులో కాపురం ఉన్నవాళ్లనే గెంటేశావమ్మా!" అని మాస్టారు పడిపడి నవ్వారు.

పరిశోధనశాల నిలబడింది. ఆ సారం మనుషులకు ఇచ్చే మందు కావడానికి ఇంకా ఏళ్ల తరబడి పరీక్షలు మిగిలాయి. మాస్టారి మోకాళ్లకు అది అందనే లేదు. ఆయన పోయాక, ఆయన కుర్చీలో కాత్యాయని కూర్చుంది. జుట్టు నెరిసినా ఆమె శుభ్రత ఆమెదే. కానీ అక్కడ పని నేర్చుకునే పిల్లలెవరైనా ఏదో చెత్త అని పారేయబోతే, "ఆగండి, ముందు అదేం చేస్తుందో చూద్దాం" అనేది. అలా అన్నప్పుడల్లా మాస్టారి నవ్వు చెవిలో వినిపించేది, కళ్లు చెమర్చేవి. ఆ రోజు ఆయన నవ్వకుండా తిట్టి ఉంటే ఆ పాఠాన్ని తాను ఎప్పుడో మరిచిపోయేదాన్నని ఆమె అంటుండేది.

నీతి: కంటికి మురికిగా కనిపించినంత మాత్రాన ఏదీ పనికిరానిది కాదు, దాని గుణమేమిటో తెలుసుకోకుండా దేన్నీ పారేయకూడదు.