పిల్లి తామర గుండ్రంగా ఎందుకుంటుంది

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త నూకాలు. ఆవిడ చెప్పినట్టే చెప్పాలి, ఒక్క మాట జారకూడదు.

ఒకప్పుడు తామరకి, అదే ఒంటిమీద దురద పుట్టించే తామరకి, ఇల్లు లేదు. తెల్లటి బూజులా గాలిలో తిరిగేది. ఎద్దు దగ్గరికెళితే తోకతో కొట్టింది. కుక్క దగ్గరికెళితే ఒళ్ళు దులిపేసింది.

చివరికి పిల్లి దగ్గరికొచ్చింది. "పిల్లక్కా, నీ బొచ్చులో కాస్త చోటియ్యవే!"

"ఉండు. కానీ కదలకుండా నిద్రపోవాలి. దురద పెట్టావో, నాకి పారేస్తాను" అంది పిల్లి.

తామర బొచ్చు అడుగున ఒదిగి నిద్రపోయింది.

ఆ పిల్లి గవరమ్మ ఇంట్లో ఉండేది. ఆ ఏడు ఎలుకలు ఊళ్ళో విత్తనాల గాదెలన్నీ తినేశాయి. గవరమ్మ గాదె దగ్గర మాత్రం పిల్లి కాపలా. ఒక్క గింజ పోలేదు. తొలకరి పడగానే ఊరంతా చేటలు పట్టుకుని గవరమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

ఏరువాకనాడు ఎడ్లని కడిగి, పసుపు రాసి, దండం పెట్టడం ఆ ఊరి ఆచారం. గవరమ్మ పిల్లినీ ఎత్తుకొచ్చింది.

"ఎడ్లు దున్నితే సరా? విత్తనం నిలబెట్టింది నువ్వు కదే! నీకూ స్నానం."

"వద్దే తల్లీ, నన్ను తడపకు!" అని మొత్తుకుంది పిల్లి.

"సిగ్గేమిటే నీ మొహం!" అని గవరమ్మ చెంబు వంచేసింది. ఆనక ఒళ్ళో పెట్టుకుని, చేతుల్లో పొదువుకుని మరీ తుడిచింది.

తడి తగలగానే తామరకి మెలకువొచ్చింది. పక్కనే వెచ్చటి చెయ్యి. తన ఇల్లే అనుకుని ఎక్కేసింది. చూస్తే బొచ్చు లేదు! పిల్లక్కని వెతుక్కుంటూ చుట్టూ తిరగడం మొదలెట్టింది. తిరిగినకొద్దీ ఎర్రటి చుట్ట పెద్దదైంది. చేలో మొలకలు లేచేసరికి గవరమ్మకి ఒకటే దురద.

అత్తగారు చీపురు తీసింది. "ఈ పాడు పిల్లిని ఊరవతల వదిలేసొస్తాను!"

గవరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అత్తా, మన చేలో ఆ పచ్చదనం ఎవరి చలవ? నా చేతికి మందుంది. విత్తనమే పోయుంటే దానికి మందుందా?"

అత్తగారు చేను వైపు చూసింది. చీపురు మూలన పెట్టింది. "సరేలే. నువ్వు మందు రాసుకో. దాన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కో. పాలు నేను పోస్తాను."

అప్పటినుంచే పిల్లిని పొదువుకున్నవాళ్ళకి ఒక్కోసారి తామర ఎక్కుతోంది. పిల్లక్క కోసం తిరుగుతుంది గనకే గుండ్రంగా, అంచు ఎర్రగా, నడుమ తేటగా ఉంటుంది.

పడమటి వీధి సూరయ్య మాత్రం పిల్లి శపించిందని పిల్లలకి చెబుతున్నాడు. శపించలేదు, తడపొద్దనే అంది. వాడితో నాకు మాటల్లేవు, వాడి గడప తొక్కడం నావల్ల కాదు. మీలో ఎవరైనా వెళ్ళి ఆ మాట దిద్ది రండి.