సరిహద్దు లైన్

రెండు రాష్ట్రాల సబ్‌స్టేషన్లలోని యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఒకదాని మాట ఒకటి వినే పద్ధతిని ఇందుమతి తయారుచేస్తోంది. ఇచ్ఛాపురం వైపు జీపులో వెళ్తూ గురువు కూర్మారావుగారిని అడిగింది. “మాట్లాడేది నిజంగా అవతలి రాష్ట్రం సబ్‌స్టేషనేనని తేలాక కూడా, ప్రతి ఆజ్ఞకీ ‘నీకీ అధికారం ఉందా’ అని అడగడమెందుకు మాస్టారూ? తెలిసినవాళ్ళని అవమానించడం కాదూ?”

కూర్మారావుగారు వాదించే మనిషి కాదు. టవర్ల వంక చూస్తూ కూర్చున్నారు. ఆయనతోపాటు లైన్ల మీద పనిచేసిన నేను వెనక సీట్లో ఉన్నాను.

ఆ పూట సరిహద్దు లైన్ మీద మరమ్మతు జరుగుతోంది. కరెంటు ఆపించి పని చేసుకోవడానికి తీసుకునే అనుమతిని మేం లైన్ క్లియర్ అంటాం. తీసుకున్నవాడు తన నోటితో తిరిగి ఇచ్చేదాకా కరెంటు వదలకూడదు. ఈ నియమం ఎవరూ దయతలచి ఇవ్వలేదు. స్తంభం మీదే మాడిపోయిన మనిషిని దించుకుని, రోడ్డు మీద కూర్చుని, లాఠీలు తిని సాధించుకున్నాం. ముందు వరసలో కూర్చున్నది కూర్మారావుగారే.

దారిలో, మన వైపు మరమ్మతు చేస్తున్న అప్పన్న ముఠా టవరు దిగి టీ తాగుతోంది. “అయిపోయిందండి, లైన్ క్లియర్ తిరిగిచ్చేశాను” అన్నాడు అప్పన్న. ఇంతలో కూర్మారావుగారికి ఫోను. ఆ లైన్ మీదే ఆధారపడ్డ కిడ్నీ ఆసుపత్రిలో జనరేటరుకి డీజిలు అయిపోవస్తోంది.

కూర్మారావుగారు సబ్‌స్టేషన్‌లోకి వస్తూనే అన్నారు. “దమయంతీ, అందరూ దిగిపోయారు, కళ్ళారా చూశాను. లైన్ చార్జ్ చెయ్యి, కరెంటు వదులు.”

ఆపరేటరు దమయంతి ఆయన దగ్గరే పని నేర్చుకుంది. లేచి కాళ్ళకి దండం పెట్టింది. కుర్చీ వేసింది. స్విచ్ మాత్రం ముట్టుకోలేదు.

“చెయ్యనండి. కొండ అవతల ఇదే లైన్ మీద ఒడిశా ముఠా ఉంది. వాళ్ళ మేస్త్రీ సాహు లైన్ క్లియర్ ఇంకా తిరిగివ్వలేదు.”

“ఆసుపత్రిలో మనుషులున్నారే!”

“టవరు మీదున్నదీ మనుషులే మాస్టారూ. మంచినీళ్ళు తాగండి, కాస్త చల్లబడతారు.”

ఆయన ముఖం కందగడ్డయింది. అంత పెద్దమనిషికి అడ్డం చెప్పి ఆ పిల్ల అట్టే నిలబడింది. చూస్తుంటే నా గుండె పొంగింది.

చివరికి ఫోను మోగింది. ముందే అనుకున్న అంకె అడిగి, అది సాహు గొంతేనని సరిచూసుకుంది దమయంతి. ఆఖరి మనిషి అప్పుడే టవరు దిగాడట. లైన్ క్లియర్ తిరిగిచ్చాడు. వెంటనే స్విచ్ వేసింది. ఆసుపత్రికి కరెంటు అందింది.

కూర్మారావుగారు లేచారు. ఛాతీ విరుచుకుని ఇందుమతి వైపు తిరిగారు.

“ఏమ్మా, మా దమయంతి నన్ను గుర్తుపట్టలేదంటావా?”