వానలన్నీ ఒకటి కావన్న చీమ

ఒకప్పుడు చీమలు బారులో నడుస్తూ ఒకదాని మొహం ఒకటి చూసేవి కావు. ఎదురుపడినా తల వంచుకుని తప్పుకుపోయేవి. బారులో ఆగడమంటే వాటికి చచ్చేంత సిగ్గు. ఎంత పెద్ద కబురైనా పరుగులోనే అందించాలి, అదీ ఒక్క మాటలో.

ఆ రోజుల్లో వాన కబురు చెప్పేవాడు వరిమడిలో ఉండే బోదురుకప్ప భద్రయ్య. మబ్బు కనబడితే చాలు, "వాన" అని ఒక్క అరుపు అరిచేవాడు. మడి గట్టున ఉన్న చీమ ఆ మాట అందుకుని వెనక చీమకిచ్చేది. అది ఇంకోదానికి. అలా పుట్ట దాకా చేరేది.

పుట్టలో గుడ్లు కాచే పని పేరిందేవిది. మూడు వందల గుడ్లనీ తన కడుపున పుట్టినట్టే చూసుకునేది.

ఒకరోజు "వాన" అని కబురొచ్చింది. పేరిందేవి గుడ్లన్నీ ఒక్కొక్కటే నోట కరుచుకుని పుట్ట పక్కనున్న తుమ్మమొద్దు మీదికి చేర్చింది. తీరా పడింది తుంపర. నేల కూడా సరిగా తడవలేదు. ఆపైన ఎండ కాసి ఏడు గుడ్లు ఎండిపోయాయి.

ఇంకోసారి "వాన" అన్నారు. ఈసారి తెలివిగా గుడ్లు కదపకుండా, వాకిలికి ఇంత మట్టి అడ్డం పెట్టి ఊరుకుంది. పడింది కుండపోత. కింది గదిలోకి నీళ్ళొచ్చి నూరు గుడ్లు కొట్టుకుపోయాయి. పేరిందేవి గుండె పగిలేలా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తిన్నగా భద్రయ్య దగ్గరికి నడిచింది.

భద్రయ్యకి తన తప్పేమిటో అర్థం కాలేదు. పైనుంచి పడేది నీళ్ళే కదా, వానను వాన అనక పాయసం అంటారా అన్నాడు.

"నీకు ఈతొచ్చు బాబాయ్, నీకు అన్నీ ఒకటే. తుంపరైతే నేను వాకిలి మూసుకుంటే చాలు. ముసురైతే నాలుగు రోజుల గింజలు లోపలికి చేర్చాలి. కుండపోతైతే గుడ్లు పైకెక్కించాలి. మూడు పనులకీ నువ్వు ఒక్క మాటే చెబితే, పోయేది నా పిల్లలు."

భద్రయ్య ఇకమీదట ఏ వానో చూసి మరీ చెబుతానని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. నాలుగో రోజున ఆకాశం నల్లబడగానే "కుండపోత" అని గొంతు చించుకున్నాడు.

కానీ చీమలకి అంత పెద్ద మాట మోసే ఓపికేదీ? పరుగులో మూడో చీమ దగ్గరికొచ్చేసరికి అది మళ్ళీ "వాన" అయి కూర్చుంది.

పేరిందేవి వెళ్ళి బారుకి అడ్డంగా నిలబడింది. వచ్చిన చీమ తలకి తల ఆనించి, ఏ వాన అని అడిగింది. దానికి తెలియదు. అది వెనక్కి తిరిగి తన వెనక చీమని ఆపింది. దానికీ తెలియదు. బారంతా ఆగిపోయింది.

పెద్దచీమ అచ్చియ్యమ్మ ఉరుకుతూ వచ్చింది. బారు ఆపిన చీమ తమ వంశంలోనే లేదని, తలెత్తుకోకుండా చేశావని కేకలేసింది.

"సిగ్గుపడితే పడదాం పెద్దమ్మా. తెలియకుండా పరిగెత్తి పిల్లల్ని చంపుకోలేను. ఏ వానో తేలేదాకా ఇక్కడినుంచి కదలను," అంది పేరిందేవి.

ప్రశ్న తలకి తల తగులుతూ మడి దాకా వెళ్ళింది. జవాబు అలాగే తిరిగొచ్చింది. కుండపోత!

అచ్చియ్యమ్మ గబగబా పుట్టలోకి దిగి, ఒక గుడ్డు నోట కరుచుకుని మొద్దు ఎక్కసాగింది. బారంతా ఆమె వెనకే కదిలింది. ఆఖరి గుడ్డు పైకి చేరిందో లేదో, ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. కింద పుట్ట మునిగింది. పైన ఒక్క గుడ్డు కూడా తడవలేదు.

అప్పటినుంచే చీమలు బారులో ఎదురైన ప్రతి చీమ దగ్గరా ఒక్క క్షణం ఆగి, తలకి తల ఆనించి, సంగతి పూర్తిగా అడిగి తెలుసుకుని మరీ కదులుతున్నాయి. తుంపరకి అవి గుడ్లు కదపవు. గుడ్లు కరుచుకుని గోడ ఎక్కుతున్నాయంటే మాత్రం, మీరు ఆరేసిన బట్టలు తీసి లోపల పెట్టుకోండి.